ఒకే చేనులో రెండు విత్తనాలు

పరదా ఏడు 31, అక్టోబరు 4, ఆదివారం. పొద్దు 58.

తెల్లవారగానే మందిరం రేకుల మీదికి ఎక్కి ఎండ కొలిచే మీటరు అద్దం తుడిచి చదివాను. ముప్పై ఏళ్ళ కిందట ఆకాశానికి ఎండను మసకబార్చే పరదా కట్టకముందు కాసిన ఎండను నూరు అనుకుంటే ఇవాళ్టిది యాభై ఎనిమిది. ఈ సంఖ్య రోజూ రాయడానికే డిపోవాళ్ళు నన్ను ఎర్రగుట్ట మీద పెట్టారు. వాక్యం చెప్పడానికి మాత్రం నన్నెవరూ పెట్టలేదు. నేను పాస్టరును కాను, నా నెత్తిన ఎవరూ చెయ్యి పెట్టి ప్రార్థించలేదు. గ్రంథాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పదకొండు సార్లు చదివినవాణ్ణి. ఆ బలంతోనే నిలబడతాను, ఆ బలంతోనే గొంతు లేస్తుంది.

ఆరాధనకు ముందే డిపో హంపయ్య విత్తనాల బండి తెచ్చాడు. బల్ల మీద మూడు సంచులు, మూడు కాగితాలు పెట్టాడు. మూడూ కనోలానే, ఆవాల జాతి నూనెగింజ. పరదా వచ్చాక ఈ గుట్ట మీద వేరుసెనగ ఊడ దిగడం లేదు, కొర్ర కంకి వేయడం లేదు, ఈ చలినీ ఈ మసక వెలుతురునీ కనోలా ఒక్కటే ఓర్చుకుంటోంది. కాగితాలు నేనే పైకి చదివాను. 'నిండు' నూట పదిహేను రోజుల పంట, నూనె ఎక్కువ. 'తొందర' తొంభై రోజులకే కోతకు వస్తుంది, నూనె తక్కువ, కాడ తెగులును ఓర్చుకుంటుంది. మూడోది మంచు పడే చోట్లకు, మాకు అక్కర్లేదు.

"కాగితం చూసుకోని ఎవరి నేలకు ఏది పొసగుతాదో వాళ్ళే ఏరుకోవల్ల" అన్నాడు హంపయ్య. "గుట్ట నెత్తిన గరుసు నేల, గాలి. పల్లంలో తేమ, పొగమంచు. అందరికీ ఒకటే రకం కుదరదు అయ్యగారూ."

నేను జవాబు చెప్పేలోగా ముందు వరసలోంచి దోర్కమ్మ లేచింది. చనిపోయిన మా అన్న భార్య, నాకు వదిన. చదువు రాదు. చేతిలో పోయినేటి చేనులో పెరికి తెచ్చిన మోడు ఉంది.

"ఇది చూడు మరిదీ. మొదలు కాడ బూడిద మచ్చ, మచ్చలో నల్ల చుక్కలు. రెండేండ్లుగా 'నిండు' ఒకటే వేస్తాండాము. తెగులు దాని రుచి మరిగింది. మూడో ఏడు గూడా అదే వేస్తే ఇంటికి పిలిచి ఆకేసి వడ్డించినట్టే. ఒక సాలు 'నిండు', ఒక సాలు 'తొందర' వేద్దాం. తెగులు ఒక సాలు నుంచి ఇంకో సాలుకు దాటదు."

ఒకే చేనులో రెండు రకాల విత్తనం చల్లకూడదని ధర్మశాస్త్రం చెబుతోంది. చల్లితే ఆ పంటంతా మనది కాకుండా పోతుందని కూడా చెబుతోంది. ఆ పేజీ తీసి చేత్తో ఎత్తి చూపించాను.

"రెండూ కనోలానే గదా" అన్నాడు హంపయ్య. "జొన్ననూ కనోలానూ కలపమంటే మీరన్నది న్యాయం. అన్నదమ్ములు ఇద్దరిని ఒక ఇంట్లో పెడితే తప్పేముండాది?"

"నీకు కాగితాలు తెలుసు హంపయ్యా. ఇక్కడ వాక్యం తెలిసినవాళ్ళు మాట్లాడుకుంటున్నారు."

"అట్లయితే వాక్యమే చెప్తా విను" అంది వదిన. "యేసయ్య చెప్పిన కతలో ఆ విత్తేటాయప్ప ఒకటే విత్తనం పట్టుకోని దావ మీదా, రాళ్ళ మీదా, ముండ్లల్లోనూ చల్లినాడు. మూడు పాళ్ళు పోగొట్టుకున్యాడు. నేల చూసుకోని విత్తనం ఏరుకోనింటే ఆయప్పకు ఎంత మిగులు?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వచ్చింది. ఆ నవ్వు నాకు ముల్లులా దిగింది. ముప్పావు గంట ప్రసంగించాను. ఒకే దేవుడు, ఒకే మందిరం, ఒకే విత్తనం అన్నాను. సగం అటు సగం ఇటు చూసే మనసు మీద నిప్పు కురుస్తుందన్నాను. నలభై రెండు కుటుంబాల్లో నలభై ఒకటి 'నిండు' ఒక్కటే వేస్తామని చేతులెత్తాయి.

వెళ్ళేముందు హంపయ్య నన్ను పక్కకు పిలిచాడు. "పోయినేడే నూనె తగ్గింది. ఈసారి డిపోకు అరవై పీపాలు రాకపోతే బాయిలరు పీకి కిందికి తీసుకుపోతారు. ఆ మాట మీకే చెప్తాండా."

బాయిలరు పోతే వెచ్చనిల్లు ఉండదు. పసిబిడ్డలూ ముసలివాళ్ళూ రాత్రిళ్ళు పడుకునేది అక్కడే. అది లేకుండా ఈ గుట్ట మీద ఒక్క చలికాలమైనా గడవదు. అందరం దిగి మైదానంలో శిబిరంలో చేరాలి, వరసలో నిలబడి ముద్ద తినాలి.

దేవుడు చూసుకుంటాడన్నాను.

అక్టోబరు 12. పొద్దు 57.

విత్తనం వేయడం పూర్తయింది. ప్రతి చేను గట్టు మీదా నిలబడి ప్రార్థించాను. వదిన చేను గుట్టకు అవతలి పల్లంలో ఉంది, అక్కడికి దిగితే నా మోకాళ్ళు మళ్ళీ ఎక్కనివ్వవు. పైనుంచే చెయ్యి చాచి దీవించాను. పొగమంచులో ఆమె వంగి నడుస్తూ కనిపించింది. తల ఎత్తలేదు.

సాయంత్రం ఆమె నాకొక కొత్త కోటు పంపింది, తానే కుట్టింది. పాతది మోచేతుల దగ్గర చిరిగిన సంగతి ఆదివారం చూసినట్టుంది. బయట బిరుసుగా, లోపల మెత్తగా ఉంది. మాట అంత పుల్లన, చెయ్యి ఇంత చల్లన. ఆమె కోసం ప్రార్థించాను, మనసు మారాలని.

డిసెంబరు 6. పొద్దు 55.

గుట్ట నెత్తిన పూత వచ్చింది. బూడిదరంగు లోకంలో ఆ పసుపు చూస్తే కన్ను నమ్మదు. బాయిలరు చూసుకునే ఏసోబు తాత పూలు చూసి, ఒకప్పుడు ఎండంతా ఈ రంగులోనే ఉండేదన్నాడు. పసివాళ్ళు నమ్మలేదు.

ఇవాళ ప్రసంగంలో చేల వైపు చెయ్యి చూపించాను. లోబడినవాళ్ళ పొలం ఎలా ఉందో చూడండి అన్నాను. వదిన రాలేదు. దగ్గు అని కబురు చేసింది.

డిసెంబరు 29. పొద్దు 52.

జకరయ్య చేనులో మొక్కలు పడిపోతున్నాయి. గాలికి అనుకున్నాం. ఒకటి ఎత్తి చూస్తే మొదలు నల్లగా ఉంది, కత్తితో గీసినట్టు చుట్టూ తెగి ఉంది. బూడిద మచ్చ, మచ్చలో చుక్కలు. వదిన చూపిన మోడు మీద ఉన్నవే.

మూడు రోజులు ఉపవాసం ప్రకటించాను.

జనవరి 11. పొద్దు 50.

ఉపవాసం అయింది, తెగులు ఆగలేదు. ఉత్తరం చేను మొత్తం పడుకుంది. తూర్పు చేను సగం. కాయలు ఉన్నాయి, లోపల గింజ పచ్చిగా నీళ్ళలా ఉంది. జకరయ్య భార్య చేనులో కూర్చుని ఒక్కొక్క మొక్కను నిలబెట్టి మట్టి ఎగదోస్తోంది.

గ్రంథంలో ఒకడు దోపుడు బంగారాన్ని తన డేరా కింద పాతిపెట్టాడు. వాడొక్కడి వల్ల జనమంతా యుద్ధంలో వెన్ను చూపారు. ఇవాళ ఆ సంగతి చెప్పాను. మనలో కూడా ఎవరో ఏదో దాచారని, అది బయటపడేదాకా కాడలు నిలవవని అన్నాను. చెబుతున్నప్పుడు ఒళ్ళంతా వణికింది. అది ఆత్మ వణుకని అనుకున్నాను. చలి కూడా ఉంది.

జనవరి 20. పొద్దు 50.

పొద్దున ఏసోబు తాత వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తీతూ, చెప్పల్లో వద్దో తెలీడంల్యా. కట్టెలకు పల్లంలోకి దిగినా. దోర్కమ్మ చేను నిలబడుండాది."

"నిలబడుండాదంటే?"

"నిలబడుండాదంటే నిలబడుండాది నాయనా. ఇంకెట్ల చెప్పేది."

మోకాళ్ళు మరిచిపోయి దిగాను. వెనుక ముప్పై మంది దాకా వచ్చారు. బాట వైపు నాలుగు సాళ్ళు 'నిండు', పడిపోయినవి. వాటిని దాటి లోపలికి వెళితే పది సెంట్ల మేర ఒక సాలు 'తొందర', ఒక సాలు 'నిండు'. 'తొందర' కాయలు గోధుమరంగుకు తిరిగి కోతకు సిద్ధంగా ఉన్నాయి. పక్కనే 'నిండు' నడుము ఎత్తున నిలబడి ఉంది, కింది కాయలకు రంగు తిరుగుతోంది. నేను వంగి మొదళ్ళు చూశాను. చూసి చూడలేదని రాయను, ఇది లెక్క పుస్తకం. మొదళ్ళు శుభ్రంగా ఉన్నాయి.

వదిన కొడవలితో అటు చివర నిలబడి ఉంది.

"విత్తనం యాడిది?" అని అడిగాను.

"హంపయ్య చూపించేదానికి తెచ్చిన చిన్న సంచి. బల్ల మీదనే ఇడిసిపెట్టి పాయ. నువ్వు అరుస్తాంటే ఎత్తుకున్యా."

"ఎవరు చెప్పినారు వదినా నీకు, ఇట్లా చేయమని?"

"మోడు చెప్పింది. నీకూ చూపిస్తి గదా."

"ఈ పది సెంట్ల కోసం ఊరి పంటంతా పోయింది. దాచిన బంగారం ఇదే."

"ఊరి పంట నీ నోటికి పాయ మరిదీ. ఇది నా చేతికి నిలిచింది. బంగారమంటాండావు, నిజమే. రెండు దినాలు ఆగు, కోసి విత్తనానికి అందరికీ పంచుతా. నూనె రాకపోయినా వచ్చే ఏటికి విత్తనమన్నా ఉంటాది."

అప్పుడు నేను తగ్గి ఉంటే సరిపోయేది. కానీ నలభై ఒక్క కుటుంబాలు నా మాట విని ఎత్తిన చేతులు నా కళ్ళ ముందు లేచాయి. ఆమెది ఒప్పయితే ఆ చేతులన్నిటికీ నేను జవాబు చెప్పాలి.

"పెరకండి. కుప్ప వేసి కాల్చండి."

"పెరికేటోడివి మొదట ఆ కోటు విప్పు" అంది వదిన.

"కోటుకేమైంది?"

"అది సగం గొర్రెబొచ్చు, సగం నూలు. మీ అన్న చదువుతాంటే వింటి. రెండు విత్తనాల మాట ఉండే కాడనే, దాని ఎంబడే, రెండు నూళ్ళు కలిపిన గుడ్డ తొడగొద్దనే మాట గూడా ఉండాది. నువ్వు వణుకుతాంటే చూళ్ళేక ఆ మాట పక్కన పెట్టి కుట్టినా. దేవుడు అడిగితే ఆయనకు చెప్పుకుంటా. నీకు వాక్యం నా చేను కాడనే గుర్తొస్తాదా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. గాలికి 'తొందర' కాయలు గలగలమంటున్నాయి.

కోటు విప్పలేదు. వంగి మొదటి మొక్క నేనే పెరికాను. తరువాత జకరయ్య వంగాడు, తరువాత మిగతావాళ్ళు. వదిన కొడవలి కింద పెట్టి గట్టు మీద కూర్చుని, మేము పని ముగించేదాకా చూస్తూనే ఉంది. కుప్పకు నిప్పు పెట్టాం. పొగమంచుకు తడిసి పైపైన పొగ లేచిందే కానీ మండలేదు.

జనవరి 21. పొద్దు 49.

ఆ పేజీ తీశాను. ఆమె చెప్పింది చెప్పినట్టే ఉంది, మధ్యలో రెండు చేతివేళ్ళంత చోటు కూడా లేదు. పదకొండు సార్లు చదివాను. తెలియక కాదు. గుడ్డ మాట ఈ కాలానికి కాదులే అనుకుంటూ కన్ను దాటించాను. విత్తనం మాట దగ్గర మాత్రం ఆగాను, ఎందుకంటే అక్కడ ఒకామె నా మీద అందరినీ నవ్వించింది.

కోటు విప్పి మేకుకు తగిలించాను. ఇక వేసుకోను.

ఫిబ్రవరి 9. పొద్దు 49.

గానుగ ఆడింది. పదిహేడు పీపాలు. హంపయ్య మళ్ళీ కొలిచాడు. మళ్ళీ పదిహేడే.

ఆదివారం బల్ల వెనుక నిలబడి, తప్పు నాదని చెప్పాను. ఏ పేజీలో ఏ మాట వదిలేశానో చదివి వినిపించాను. ప్రసంగం అంతే. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎవరూ ఆమేన్ అనలేదు. జకరయ్య లేచి, "ఇంత చిన్న మాట అక్టోబరులో చెప్పుంటే సరిపోతాండె అన్నా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అంటే పట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

ఫిబ్రవరి 20. పొద్దు 50.

బాయిలరు పీకారు. వెచ్చనిల్లు గోడకు పెద్ద రంధ్రం మిగిలింది. ఏసోబు తాత బండి ఎక్కేముందు ఆ రంధ్రంలోకి చెయ్యి పెట్టి చూశాడు. "ఇంకా కాక ఉండాది" అన్నాడు.

మీటరు చదివేవాడు ఉండాలి కనుక నేనిక్కడే ఉంటాను. చిన్న పొయ్యి ఒకటి ఇచ్చారు. ఒక పంట నిలబడితే ఊరి పేరు మళ్ళీ డిపో జాబితాలో రాయిస్తానని హంపయ్య అన్నాడు. ఏ విత్తనంతో అని నేను అడగలేదు. ఊళ్ళో మిగిలినదంతా తెగులు తగిలిన తాలు.

శిబిరానికి పోయే బండ్లు అందరూ ఎక్కాక వదిన దగ్గుతూ నా దగ్గరికి వచ్చింది. కొంగు చాటునుంచి మూతకు మైనం పెట్టిన పాల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది.

"ఏంది వదినా?"

"మీరు కాల్చిన కుప్ప. పైన కాలింది, అడుగున కాలలేదు. రంగు తిరిగినాక పెరికితివి, మొక్క చచ్చినా కాయ దానంతట అదే పండింది. మీరంతా పోయినాక తిరగేసి ఆరబెట్టుకున్యా. దులిపితే ఇంతొచ్చింది. ఒక ఎకరాకు అవుతాది."

మూత తీశాను. నల్లటి సన్నటి గింజలు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇందులో 'తొందర' ఏది, 'నిండు' ఏది?"

"నాకేం తెలుసు. రెండూ కలిసే దులిపినా. ఏరుకునేటట్టుంటే ఏరుకో, పనేముండాది నీకు ఇక్కడ."

అని బండి ఎక్కింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు, అడిగే ముఖం లేక.

జూన్ 14. పొద్దు 61.

పరదా కట్టాక ఇంత పొద్దు ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో చూడటానికి ఎవరూ లేరు. చేలల్లో పాత మోళ్ళన్నీ ఏరి కాల్చాను. తెగులు మోడులోనే కాపురం ఉంటుందని డిపో కాగితం వెనకవైపు రాసి ఉంది. ఆ వైపు నేనెప్పుడూ తిప్పి చదవలేదు.

గొంతెత్తి ప్రసంగించాలని చూశాను ఒకసారి. నా మాట గోడకు తగిలి నాకే తిరిగి వచ్చింది.

పరదా ఏడు 32, అక్టోబరు 10. పొద్దు 57.

హంపయ్య వచ్చాడు. విత్తనాల సంచులు తేలేదు. ఊరు జాబితాలో లేదు కనుక ఇవ్వడానికి వీల్లేదట. కాగితాలు మాత్రం తెచ్చాడు. శిబిరం సంగతులు చెప్పాడు. ఏసోబు తాత ఆగస్టులో పోయాడు. జకరయ్య బిడ్డ నడుస్తోంది.

"మా వదిన?"

"దగ్గు తగ్గలా. పైకి లేవలేకపోతాండాది. నోరు మాత్రం బాగా పనిచేస్తాండాది. మీకొక మాట చెప్పి పంపింది."

"ఏమని?"

హంపయ్య మేకుకు వేలాడుతున్న కోటు వైపు చూశాడు. "దాన్ని తగిలించి పెట్టింటాడు చూడు, నాకు తెలుసు, అనింది. తొడుక్కోమన్నాది. వాడు చలికి సచ్చిపోతే ఆ గింజలు చల్లేదానికి గుట్ట మీద ఇంకో మనిషి లేడు, అనింది."

అక్టోబరు 12. పొద్దు 57.

పల్లంలో వదిన చేను దున్నాను. గడ్డలు చేత్తో నలిపాను. డబ్బా మూత తీసి ఏరి చూశాను, ఒక గంట. గింజలు చేతిలోంచి జారిపోతూనే ఉన్నాయి. ఏ వాక్యమూ వాటిని విడదీయలేదు.

బాట మీద పడకుండా, రాళ్ళ మీద పడకుండా వంగి వంగి విత్తాను. ఒక్కొక్క సాలు చివర నాకు దగ్గు వచ్చినప్పుడు మాత్రం ఆగాను. పొద్దు వాలే లోపల ఎకరం పూర్తయింది. డిపోవాళ్ళు అడిగే గళ్ళు కింద నింపుతున్నాను.

నేల: పల్లం, తేమ, పొగమంచు.
విత్తనం: రెండు రకాలు, కలిసినవి.
విత్తనం ఏరినవారు: దోర్కమ్మ.
విత్తినవారు: తీతు.
ఒంటి మీద: కోటు.